ఊరెళ్తున్నారా? ఎడారిలో కారు ఎలుకల పాలు కాకుండా ఇలా పెట్టి వెళ్ళండి

మే చివర్లో పిల్లల స్కూళ్ళు మూసేసి అందరూ ఇండియా ప్రయాణాలు కట్టేటప్పుడు ఒకసారి, మళ్ళీ డిసెంబరు మొదట్లో ఒకసారి, ఇదే ప్రశ్న వస్తుంది. "ఆరు వారాలు కారు కదలదు. ఎలుకలు వైర్లు కొరికేస్తాయంటున్నారు, ఏం చెయ్యాలి?" అరిజోనాలో ఫీనిక్స్ దగ్గరి చాండ్లర్, గిల్బర్ట్, క్వీన్ క్రీక్‌లో ఉండేవాళ్ళు అడుగుతారు, టూసాన్ వైపు వాళ్ళు ఇంకా ఎక్కువగా అడుగుతారు. విడివిడిగా చెప్పేటప్పుడు ఏదో ఒక ముక్క మర్చిపోతున్నాను. అందుకే మొత్తం ఒకేచోట రాస్తున్నాను.

ఒక్క విషయం ముందు మనసులో పెట్టుకోండి. ఎలుక మీ కారుకి వైర్ల కోసం రాదు, ఇంటి కోసం వస్తుంది. చీకటిగా, ఇరుకుగా, పైన కప్పుతో, కదలకుండా ఉన్న చోటు దానికి కావాలి. మూసిన బానెట్ కింద అవన్నీ ఉన్నాయి. వైర్లు కొరకడం ఆ తర్వాతి పని. దాని ముందరి పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి ఏదో ఒకటి కొరుకుతూనే ఉండాలి. కాబట్టి మనం చెయ్యాల్సింది ఇంజను దగ్గర దానికి ఇల్లు కుదరకుండా చూడటం.

ఇక్కడి సొనోరన్ ఎడారిలో కార్లలో చేరేది ఎక్కువగా ప్యాక్‌రాట్ అనే ఎలుక. పెద్ద చెవులు, తెల్లటి గొంతు, పగలంతా గూట్లో ఉండి రాత్రి తిరుగుతుంది. దొరికిందల్లా గూటికి మోస్తుంది: చోయా అనే ఎడారి జెముడు మొక్క ముళ్ళ బంతులు, నాగజెముడు ముక్కలు, పుల్లలు, ఎండిన పేడ, సీసా మూతలు. ఒక గూటిని ఒకదాని తర్వాత ఒకటిగా ఎన్నో ఎలుకలు వాడుకుంటాయి. కొండ గుహల్లో మూత్రంతో రాయిలా గట్టిపడిన పాత గూళ్ళు వేల ఏళ్ళు నిలిచి ఉన్నాయి. వాటిలోని ఆకులూ గింజలూ చూసి శాస్త్రవేత్తలు పూర్వం ఇక్కడ ఏ చెట్లుండేవో చెప్తారు. ఇంత పట్టుగా ఇల్లు కట్టుకునే జంతువు పుదీనా నూనె వాసనకి వెళ్ళిపోదు.

నాకిది తెలిసిన తీరు చెప్తాను. ఒక జనవరిలో ఊరినించి వచ్చి బానెట్ ఎత్తాను. బ్యాటరీకీ ఇంజను కవరుకీ మధ్య సందులో చోయా బంతులు ముళ్ళు బయటికి పెట్టి, కోటగోడలా పేర్చి ఉన్నాయి. లోపల బానెట్ అడుగునుండే దూది పీకి పరుపు వేసుకుంది. దాని మీద ఎండిన నారింజ తొక్క, మా అమ్మాయి జడ క్లిప్పు, తెల్లటి నైలాన్ పోగులు. ఆ పోగులు ఎక్కడివో పోల్చుకోవడానికి కాసేపు పట్టింది. గరాజ్‌లో షెల్ఫు కింద పెట్టిన సోనామసూరి బస్తావి. మూల కొరికి ఉంది. అంటే ఎలుక ముందు బియ్యానికి వచ్చింది, తర్వాత పక్కనే ఉన్న కారులో ఇల్లు కట్టుకుంది.

కావలసినవి

- తలకి కట్టుకునే టార్చి. ఫోను లైటైతే ఒక చెయ్యి దానికే పోతుంది.
- రబ్బరు గ్లవ్స్, ఎన్95 మాస్కు, బ్లీచ్, స్ప్రే సీసా, పేపర్ టవళ్ళు.
- పావు అంగుళం కన్నాలున్న హార్డ్‌వేర్ క్లాత్. పేరు అలా ఉంది గానీ గుడ్డ కాదు, ఇనుప జల్లెడ.
- రాగి పీచు లేదా స్టెయిన్‌లెస్ స్టీలు పీచు, దాని మీద వెయ్యడానికి సీలెంట్.
- గరాజ్ తలుపు కింద వేసే కొత్త రబ్బరు సీలు.
- పెద్ద ఎలుకల సైజు స్నాప్ ట్రాపులు (స్ప్రింగుతో టక్కున మూసుకునేవి) అరడజను, కొంచెం పీనట్ బటర్.
- తాడులా ఉండే ఎల్‌ఈడీ లైటు, చీకటి పడగానే వెలిగించే టైమరు.
- మూత బిగుతుగా పట్టే డబ్బాలు. బియ్యానికి లోహపువి దొరికితే మరీ మంచిది.

ప్రయాణానికి మూడు వారాల ముందు మొదలుపెట్టండి. సూట్‌కేసులు సర్దే వారంలో ఇది అవ్వదు.

1. ఎలుక ఉందో లేదో తేల్చుకోండి

బానెట్ ఎత్తి బ్యాటరీ చుట్టూ, ఎయిర్ ఫిల్టరు డబ్బా మీద, బానెట్ అడుగు దూదిలో టార్చి వేసి చూడండి. ఎయిర్ ఫిల్టరు మూత తీసి లోపలా చూడండి. కుక్క ఉన్న ఇళ్ళలో ఆ డబ్బా నిండా కుక్క తిండి గింజలు దొరికిన కార్లున్నాయి. తర్వాత గ్లవ్ బాక్సు వెనకుండే క్యాబిన్ ఫిల్టరు, డిక్కీలో స్టెప్నీ గుంత. ఈ రెండూ చాలామంది చూడరు.

కారు కింద నేల మీద చోయా ముక్కలుంటే ప్యాక్‌రాట్ వచ్చినట్టే. చోయా ముక్క గాలికి ఎగిరొచ్చి సరిగ్గా ఇంజను కింద పడదు. బియ్యపు గింజంత పెంటికలైతే చుంచెలుకవి, అంతకి రెండింతలుంటే ప్యాక్‌రాట్‌వో రూఫ్ రాట్‌వో. పెరట్లో నారింజలు చెట్టుకే వేలాడుతూ లోపల డొల్లగా ఉంటే అది రూఫ్ రాట్ పని. ఫీనిక్స్‌లో ఇది 2001లో ఆర్కేడియా ప్రాంతంలో బయటపడింది, తర్వాత విస్తరించింది. అది పైకెక్కే ఎలుక కాబట్టి కప్పు అంచులూ గాలి జాలీలూ కూడా చూసుకోవాలి.

అనుమానంగా ఉంటే రాత్రి పడుకునే ముందు గరాజ్ తలుపు మూలల్లో, టైర్ల చుట్టూ టాల్కం పౌడరు పల్చగా చల్లండి. తెల్లారేసరికి చిన్న చిన్న పాదాలు, మధ్యలో తోక గీత కనబడతాయి. ముగ్గు కోసం ఉంచుకున్న బియ్యప్పిండి మాత్రం చల్లకండి, అది విందు పెట్టినట్టవుతుంది.

2. తిండి తీసెయ్యండి

మన ఇళ్ళలో గరాజ్ సగం వంటిల్లు. బియ్యం బస్తాలు, కందిపప్పు, గోధుమపిండి, ఊరినించి తెచ్చుకున్న ఎండుమిరపకాయలు, అన్నీ అక్కడే ఉంటాయి. అన్నిటినీ డబ్బాల్లోకి మార్చండి. గోనెసంచి, నైలాన్ బస్తా, పల్చటి ప్లాస్టిక్ డబ్బా ఎలుకకి అడ్డు కాదు. కుక్క తిండి, పిట్టల గింజలు కూడా అంతే.

పెరట్లో రాలిన నారింజలూ నిమ్మకాయలూ ఏరెయ్యండి. మెస్కీట్ చెట్టుంటే వేసవిలో రాలే కాయలు ఊడ్చెయ్యాలి. మన ఊళ్ళ సర్కారు తుమ్మకి ఇది దాయాదే, అలాంటి తియ్యటి కాయలే, ఎలుకలకి మహా ఇష్టం.

ఇక కారు లోపల. పిల్లల సీటు బయటికి తీసి తలకిందులుగా దులపండి. మురుకుల ముక్కలు, సీరియల్ గింజలు ఎన్ని రాలతాయో చూస్తే నమ్మలేరు. డిక్కీలో గుడి నించి తెచ్చిన ప్రసాదం కవరు మిగిలిపోయిందేమో కూడా చూడండి.

3. గరాజ్ కన్నాలు మూయండి

పట్టపగలు గరాజ్ లోపల నిలబడి, తలుపు దించి, లైటు ఆపి రెండు నిమిషాలు ఉండండి. వెలుతురు ఎక్కడినించి వస్తోందో అక్కడినించే ఎలుకా వస్తుంది. పెన్సిలు దూరే సందుంటే చుంచెలుక దూరుతుంది. అర అంగుళం ఉంటే పెద్ద ఎలుకకి చాలు.

ఎక్కువగా దొరికేది తలుపు కింది రెండు మూలలూ. ఇక్కడి ఎండకి రబ్బరు సీలు కొన్నేళ్ళకే పెళుసై పగులుతుంది. నొక్కి చూడండి, గట్టిగా కర్రలా ఉంటే మార్చే టైమైంది. మూలల్లో రబ్బరొక్కటే పెడితే మళ్ళీ కొరుకుతాయి కాబట్టి, లోపల స్టీలు పీచు కుక్కి సీలు వెయ్యండి. ఏసీ గొట్టం, నీళ్ళ పైపు గోడలోకి వెళ్ళే చోట్ల కూడా పీచు కుక్కి పైన సీలెంట్ వెయ్యాలి. గాలి జాలీల మీద హార్డ్‌వేర్ క్లాత్ స్క్రూలతో బిగించండి.

ఫోమ్ స్ప్రే ఒక్కటే కొట్టి ఊరుకోవద్దు. చూడటానికి నిండుగా మూసుకుపోయినట్టుంటుంది గానీ, ఎలుక దాన్ని ఒక్క రాత్రిలో తవ్వేస్తుంది. మామూలు స్టీలు పీచు బయటివైపు పెడితే వానలకి తుప్పు పడుతుంది, అక్కడ రాగిది వాడండి.

ఆఖరి కన్నం మాత్రం ఇప్పుడే మూయొద్దు. అందులో న్యూస్ పేపరు ఉండ చుట్టి వదులుగా పెట్టండి. వరసగా మూడు రాత్రులు కదలకుండా ఉంటే లోపలా బయటా రాకపోకలు లేవన్నమాట, అప్పుడు మూసెయ్యండి. ఉండ జరిగితే ఎలుక ఇంకా తిరుగుతోంది. దాన్ని లోపల పెట్టి మూసేసి ఊరెళ్తే, దానికి మిగిలే ఇల్లు మీ కారే.

4. లోపలున్నదాన్ని పట్టండి

స్నాప్ ట్రాపు గోడకి అడ్డంగా, ఎర ఉన్న వైపు గోడకి ఆనేలా పెట్టండి. ఎలుక గోడ వెంబడే నడుస్తుంది, గది మధ్యలో పెట్టిన ట్రాపుకి ఒక్కటీ పడదు. పీనట్ బటర్ బఠాణీ గింజంత చాలు. ఎక్కువ పెడితే అంచునుంచి నాకేసి వెళ్ళిపోతుంది. పిల్లలు, పెంపుడు జంతువులు వచ్చే చోటైతే ట్రాపుని మూత ఉన్న పెట్టెలో పెట్టండి. ఆరుబయట పెట్టెలో తప్ప అస్సలు పెట్టొద్దు, పిట్టలు పడతాయి.

చంపడం ఇష్టం లేనివాళ్ళు బోను వాడొచ్చు. అయితే సూర్యుడు ఎక్కకముందే చూసి తియ్యాలి. జూన్‌లో ఉదయం తొమ్మిదికి ఎండలో ఉన్న బోనులో జంతువు మాడిపోతుంది. పట్టినదాన్ని దగ్గర వదిలితే తిరిగొస్తుంది, దూరం తీసుకెళ్తే గూడు లేక బతకడం కష్టం. వదిలే ముందు రాష్ట్ర వన్యప్రాణి శాఖ నియమం కనుక్కోండి. నా మాట వింటే, బోను మీద పెట్టే శ్రమ కన్నాలు మూయడం మీద పెట్టండి.

విషం మాత్రం వద్దని గట్టిగా చెప్తున్నాను. ప్యాక్‌రాట్ ఎరని అక్కడే తినదు, మోసుకుపోయి దాచుకుంటుంది. ఆ దాచే చోటు మీ ఎయిర్ ఫిల్టరు డబ్బా కావచ్చు. విషం తిన్న ఎలుకని గుడ్లగూబ తింటే దాని ఒంట్లోకీ వెళ్తుంది. పైగా డాష్‌బోర్డు వెనక ఎలుక చస్తే, జులై ఎండలో ఆ వాసన ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

5. పెరట్లో గూడుంటే, పట్టాకే తియ్యండి

నాగజెముడు పొద కిందో, ఏసీ యూనిట్ వెనకో పుల్లలూ చోయా బంతులూ కుప్పగా ఉంటే అది గూడు. ముందు గూడు పీకేసి తర్వాత ఎలుక సంగతి చూద్దామనుకోవద్దు. చాలామంది చేసే పొరపాటు ఇదే. ఇల్లు పోయిన ఎలుక ఆ రాత్రికే కొత్త ఇల్లు వెతుక్కుంటుంది, పది అడుగుల దూరంలో మీ కారు నిలబడి ఉంటుంది. ముందు గూటి దారిలో ట్రాపులు పెట్టి, వరసగా నాలుగైదు రాత్రులు ఏమీ పడకపోతే అప్పుడు తియ్యండి.

పగలు, పొడవాటి రేక్‌తో, బూట్లూ తోలు గ్లవ్సూ వేసుకుని తియ్యాలి. చెయ్యి లోపలికి పెట్టొద్దు. తేళ్ళూ ర్యాటిల్ స్నేకులూ ఆ గూళ్ళలో తలదాచుకుంటాయి. రక్తం పీల్చే కిస్సింగ్ బగ్స్ కూడా అక్కడే ఉంటాయి. ఎలుక పోయి గూడు మిగిలితే, ఆకలికి ఆ పురుగులు ఇంటి దీపాల వైపు వస్తాయి. కొందరికి అది కుడితే ఒళ్ళంతా దద్దుర్లొచ్చి ఊపిరాడని పరిస్థితి వస్తుంది. అందుకని గూడు మొత్తం తీసి, సంచిలో కట్టి పారెయ్యండి. పెద్ద గూడైతే, పాము ఉందన్న అనుమానం ఉంటే, మనిషిని పిలిపించుకోండి.

6. కారు పెట్టే తీరు

గరాజ్‌లో పెడుతుంటే బానెట్ పూర్తిగా ఎత్తి పెట్టండి. టూసాన్ చుట్టుపక్కల సాయంత్రం నడకకి వెళ్తే బానెట్లు ఎత్తి ఉన్న కార్లు కనబడతాయి, చెడిపోయాయేమో అనుకుంటాం. ఎలుకల కోసమే అలా పెడతారు. కప్పు లేకపోతే అది ఇల్లు కాదు. ఎత్తిన బానెట్ కింద, కారు అడుగున ఎల్‌ఈడీ తాడు వేసి రాత్రంతా వెలిగేలా టైమరు పెట్టండి. బానెట్ మూసేసి లైటొక్కటే వేస్తే ఉపయోగం తక్కువ, లోపల చీకటి అలాగే ఉంటుంది.

బానెట్ తెరిస్తే కొన్ని కార్లలో చిన్న దీపం వెలుగుతుంది, ఆరు వారాల్లో బ్యాటరీ చచ్చిపోతుంది. బ్యాటరీ నెగటివ్ వైరు విప్పండి, లేదా ఛార్జి దిగిపోకుండా చూసే బ్యాటరీ మెయింటెయినర్ తగిలించండి. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లలో నారింజ రంగు కేబుళ్ళని ముట్టుకోకండి. ఆ కార్ల బ్యాటరీ సంగతి కారుతో వచ్చిన పుస్తకంలో చూసి చెయ్యండి.

ఆరుబయటైతే జూన్ 15 నించి సెప్టెంబరు 30 దాకా మాన్‌సూన్, దుమ్ము తుపాన్లు లేస్తాయి. అప్పుడు బానెట్ ఎత్తి వదలడం కుదరదు. పొదలకీ గోడకీ దూరంగా, చుట్టూ ఖాళీ నేల ఉన్న చోట పెట్టి కింద లైటు వెయ్యండి, కారుని వారానికి రెండుసార్లయినా కదిలించే మనిషిని చూసుకోండి. అపార్ట్‌మెంట్ వాళ్ళకీ ఇదే దారి. రేకుల పార్కింగ్‌లో చెత్త తొట్టి పక్క చోటు, గట్టు మీద మొక్కలున్న చోటు వదిలేసి వేరేది అడగండి.

కారు మీద కవరు కప్పొద్దు. దుమ్ము పడకుండా ఉంటుంది నిజమే, కానీ ఎలుకకి మీరే డేరా వేసిచ్చినట్టు. ఎండకి అద్దం లోపల పెట్టే అట్ట చాలు.

ఇంజను గాలి పీల్చే గొట్టం మూతికి హార్డ్‌వేర్ క్లాత్ ముక్క బిగించుకోవచ్చు, గాలి ఆడుతుంది. గుడ్డలు మాత్రం కుక్కొద్దు, తిరిగొచ్చాక మర్చిపోయి ఇంజను వేస్తారు. ఇంజను దగ్గర ఏది పెట్టినా, ఏది విప్పినా, స్టీరింగుకి ఎర్ర గుడ్డ కట్టి వెళ్ళండి.

మిరప ఘాటు పట్టించిన టేపు హోండా వాళ్ళు అమ్ముతారు, వేరే కార్లకీ చుట్టొచ్చు. ఇంతకుముందు ఒకసారి కొరికిన చోట, కొత్త వైర్లకి చుడితే కొంత రక్షణ. గ్లవ్సుతో చుట్టండి, ఆ చేత్తో కళ్ళు నలుపుకోకండి. టేపుని నమ్ముకుని బానెట్ మాత్రం మూయొద్దు.

డబ్బు దండగ అయ్యేవి

చెవికి వినబడని శబ్దం చేసే పరికరాలు కొనకండి. ఎలుకలు ఆ శబ్దానికి త్వరలోనే అలవాటు పడతాయి, అది గోడలూ వస్తువులూ దాటి వెళ్ళదు కూడా. వీటి గురించి చెప్పే గొప్పలకి ఆధారాలుండాలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లోనే అరవైకి పైగా తయారీదార్లకీ అమ్మకందార్లకీ హెచ్చరిక ఉత్తరాలు రాసింది. పుదీనా నూనె ఈ వేడికి రెండ్రోజుల్లో ఆవిరైపోతుంది. కలరా ఉండలు ఇంజనులో వేస్తే ఆ ఆవిరి ఏసీ గుండా మీరూ మీ పిల్లలూ పీల్చాలి, అది మంచిది కాదు. సువాసన సబ్బు ముక్కల్ని కూడా గూట్లోకి మోసుకుపోతాయి.

7. తిరిగొచ్చిన రోజు

విమానం దిగి అలిసిపోయి ఉంటారు, నేరుగా తాళం తిప్పాలనిపిస్తుంది. వద్దు. ముందు టార్చితో మొదటి మెట్టులో చెప్పిన చోట్లన్నీ చూడండి. వెళ్ళే ముందు ఇంజను భాగం నాలుగు ఫోటోలు తీసి ఉంచుకుంటే పోల్చి చూడటం తేలిక. తీగ తొడుగు చిట్లి రాగి మెరుస్తుంటే ఇంజను వెయ్యొద్దు, టో చేయించండి.

పెంటికలు గానీ గూడు గానీ కనబడితే బ్లోయరు, ఏసీ వెయ్యకండి. చీపురు, వ్యాక్యూమ్ అసలు పెట్టొద్దు. హంటా వైరస్ ఎలుకల మూత్రం, పెంటికలు ఎండి దుమ్ముగా లేచినప్పుడు ఊపిరితో లోపలికి పోతుంది. 1993లో అరిజోనా, న్యూ మెక్సికో, కొలరాడో, యూటా కలిసే చోట దీనివల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు మొదటిసారి బయటపడింది. ప్రధానంగా మోసేది డీర్ మౌస్ అనే చుంచెలుక. జబ్బు అరుదే, కానీ ఊపిరితిత్తులకి పాకితే పదిమందిలో దాదాపు నలుగురు చనిపోతారు.

శుభ్రం చేసే తీరు ఇది. ఇంజను చల్లారి ఉండాలి, బ్యాటరీ విప్పి ఉండాలి. కారు తలుపులూ డిక్కీ అన్నీ తీసి అరగంట గాలాడనివ్వండి, మీరు దూరంగా ఉండండి. గ్లవ్సు, మాస్కు వేసుకుని, ఒక కప్పు బ్లీచ్‌కి తొమ్మిది కప్పుల నీళ్ళు అప్పటికప్పుడు కలిపి, పెంటికలు బాగా తడిసేదాకా మెల్లగా స్ప్రే చెయ్యండి. అయిదు నిమిషాలు నాననిచ్చి పేపర్ టవలుతో ఎత్తి, రెండు సంచుల్లో కట్టి చెత్తలో వెయ్యండి. బ్లీచ్‌లో వెనిగర్ గానీ అమ్మోనియా ఉన్న క్లీనర్ గానీ కలపకండి, విషవాయువు పుడుతుంది. లోహం మీద పడ్డ బ్లీచ్‌ని తర్వాత తడిగుడ్డతో తుడవండి, లేకపోతే తినేస్తుంది. క్యాబిన్ ఫిల్టరు కొత్తది వెయ్యాల్సిందే. తర్వాతి ఎనిమిది వారాల్లో జ్వరం, తొడలూ నడుమూ బాగా నొప్పులు వస్తే డాక్టరుకి ఎలుకల సంగతి ముందే చెప్పండి, అడిగేదాకా ఆగకండి.

వైర్లు పోయి ఉంటే ఏదీ కదపక ముందే, గూడుతో సహా ఫోటోలు తియ్యండి. చాలా కారు ఇన్సూరెన్సు పాలసీల్లో కాంప్రహెన్సివ్ కవరేజి ఉంటే ఎలుకల నష్టానికీ వర్తిస్తుంది, గుద్దుకున్నప్పుడు పనికొచ్చే కొలిజన్ ఒక్కటే ఉంటే రాదు. మన జేబులోంచి పెట్టుకోవాల్సిన డిడక్టిబుల్ ఎంతో ఊరెళ్ళే ముందే చూసి పెట్టుకోండి. బాగుచేయించిన కారుని అదే చోట పెట్టబోయే ముందు రెండు రాత్రులు టాల్కం పౌడరు మళ్ళీ చల్లండి. పాదాలు పడితే కారుని వీధిలో పెట్టి, మూడో మెట్టు దగ్గర్నించి మళ్ళీ మొదలుపెట్టాలి.